తిరుచ్చి ఆవిడ కాంభోజి

“సారు ఏడు కేసెట్లిచ్చేడమ్మా. నాను లెక్కెట్టేను,” అంది సోని, తలమీది కట్టెలమోపు అరుగు మీదికి దించుతూ.

ఉమామహేశ్వరి మిషను తొక్కడం ఆపింది. సూది గుడ్డలో దిగి అక్కడే నిలిచిపోయింది.

“ఎవరికిచ్చేరే?”

“ఇంకెవురికి, టీచరమ్మకి. ఆడపిల్లల ఇస్కూలుకి కొత్తగా ఒచ్చింది కదా, రాజకుమారి టీచరు. మా పక్క మనిసే, ముంచింగిపుట్టు ఊరు. సంచిలో ఏసుకుని ఎల్లిపోనాది. సారు గేటు దాకా ఒచ్చి సాగనంపేడు.”

“గేటు దాకానా?”

“గేటు దాటి రోడ్డు మీదకొచ్చేడు. కాళ్ళకి సెప్పుల్లేవు కూడాను.”

సోని చెంబెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఉమామహేశ్వరి చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి సూదిని పైకి లేపింది. మిషను మీద ఉన్నది ఆ టీచరమ్మ జాకెట్టే. ఆకుపచ్చ గుడ్డ. ఆదివారానికి కావాలంది. కుడి చెయ్యి కుట్టడం అయింది, ఎడమది సగంలో ఉంది. ఆమె ఆ గుడ్డను మడిచి బుట్టలో అడుగున పెట్టి, ఎవరిదో లంగా తీసుకుని అంచు కుట్టడం మొదలుపెట్టింది.

ఏడు కేసెట్లు. ఎనిమిదేళ్ళలో జగన్నాథరావు ఆమెకు ఎప్పుడూ ఒకేసారి రెండుకు మించి ఇవ్వలేదు. ఇచ్చినప్పుడూ చీటీ రాసుకునేవారు. గేటు దాకా రావడమూ లేదు. కాఫీ తోటల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మెడకు మఫ్లరు లేకుండా వరండా మెట్టు దిగరు. ఉబ్బసం.

ఆ ఉబ్బసం వల్లనే వెళ్ళిపోతున్నారు. ఈ మంచులో ఇంకో చలికాలం గడపొద్దని డాక్టరు చెప్పాడు. సోమవారం కిరండోల్ పాసింజరులో బయల్దేరి, పార్వతీపురంలో తమ్ముడింటికి. తమ్ముడు ఇచ్చేది ఒక్క గది. రెండొందల పైచిలుకు కేసెట్లున్న నల్ల ట్రంకుకి అందులో చోటు లేదు.

“ఈ ట్రంకుని వినేవాళ్ళ దగ్గరే వదిలి వెళ్తానండి,” అన్నారాయన మొన్న శ్రావణంలో. అరకులో వినేవాళ్ళంటే అప్పటికి ఆమె ఒక్కతే. ఆమె ఆ రోజే ఇంటికొచ్చి మంచం కింద చోటు చేసింది. కేసెట్లకి చెమ్మ తగలకుండా ఇటుకలు పేర్చి, వాటిమీద పలక వేసింది. ఆ తరవాత దసరా సెలవుల ముందు రాజకుమారి వచ్చింది.

శుక్రవారం సంత రోజు సాయంత్రం రాజకుమారి జాకెట్టు కోసం వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుంటాయి. నూనె రాసి గట్టిగా వేసిన జడ, భుజాన గుడ్డసంచి. చెప్పులు అరుగు కిందే విడిచి, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

“ఇంకా అవలేదు,” అంది ఉమామహేశ్వరి.

“పరవాలేదమ్మా. తొందరేం లేదు.”

“ఆదివారానికి కావాలన్నావు.”

“ఆదివారం సార్ ఇంటికి రమ్మన్నారు కదా, కొత్తది వేసుకుందామని. ఆఖరిసారి అందరం కలిసి విందామన్నారు.”

ఉమామహేశ్వరి నోట్లో దారం పెట్టుకుని కొరికింది. అందరం. ఎనిమిదేళ్ళుగా ఆ వరండాలో రెండే కుర్చీలు. ప్రతి ఆదివారం పదిగంటలకి, మంచు విడిచాక ఆమె వెళ్ళేది. ఒకే రాగం ఇద్దరు పాడినవి ఒకదాని తరవాత ఒకటి పెట్టుకుని వినేవాళ్ళు. కేసెట్టు అట్ట చూపించకూడదు, నడుస్తుండగా మాట్లాడకూడదు. అయ్యాక, “ముందు మీరు చెప్పండి” అనేవారాయన. ఏది గొప్పదో, ఎందుకో ఆమె చెప్పేది. స్వరాల పేర్లు ఆమెకు అంతగా తెలియవు. “రెండో ఆయన నిదానంగా అన్నం కలుపుతున్నట్టు పాడేడు, మొదటాయన వడ్డించేసి వెళ్ళిపోయేడు” అనేది. ఆయన మోకాలి మీద కొట్టుకుని నవ్వేవారు. ఆ నవ్వు కోసం ఆమె వారమంతా మాటలు కూడబెట్టుకునేది.

“సార్ మీ గురించే చెప్తుంటారమ్మా,” అంది రాజకుమారి. “మీరు రేడియోలో విని, పుస్తకాల్లో చూసి, మీ అంతట మీరే రాగాలు పట్టుకున్నారట. నేను విజయనగరంలో నాలుగేళ్ళు కూర్చుని చదివితేగానీ రాలేదు.”

అది పొగడ్తా, లేక నాలుగేళ్ళు చదివానని చెప్పుకోవడమా అని ఉమామహేశ్వరి ఆలోచించింది. రెండోదే అని తేల్చుకుంది.

“ఆ సంచిలో ఏటి?”

“శృతిపెట్టెమ్మా.” రాజకుమారి అరచేతంత పెట్టె తీసి నాబ్ తిప్పింది. తంబురా నాదం సన్నగా, ఆగకుండా మోగింది. “ఏ పాట విన్నా ఏ శృతిలో ఉందో చూసుకోమనేవారు మా గురువుగారు. అలవాటైపోయింది.”

“మాకు అలాటివి లేవు. చెవులున్నాయి,” అంది ఉమామహేశ్వరి.

రాజకుమారి పెట్టె ఆపేసి సంచిలో పెట్టుకుంది. మొహం ఏమీ మారలేదు. అది ఉమామహేశ్వరికి ఇంకా మండింది.

ఆ పిల్ల వెళ్ళాక ఆమె బీరువా మీది బిస్కెట్ల డబ్బా దించింది. లోపల బొగ్గుముక్కల మధ్య, పాత పంచె ముక్కలో చుట్టి ఒకే ఒక్క కేసెట్టు. అట్ట మీద ఆమె చేతిరాత, అక్షరాలు కొత్తగా నేర్చుకున్న రోజులది: ‘కాంభోజి. తిరుచ్చి ఆవిడ. రేడియో. 1990.’ గాయని పేరు అనౌన్సరు చెప్పినప్పుడు ఆమెకు అందలేదు. తిరుచ్చి నుంచి అన్నది అందింది. ఈ కేసెట్టు ఎప్పుడూ ఇల్లు దాటలేదు. జగన్నాథరావు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఏదో చెప్పి తప్పించుకుంది.

ఇలాంటి కాంభోజి రాగం ఆ ట్రంకులో లేదు. ఎవరి దగ్గరా ఉండదు. అరగంట పాటు ఆ గొంతు, వినేవాళ్ళకి తెలియకుండానే పైకి, ఇంకా పైకి వెళ్తుంది. మొదట ఇంటావిడలా మొదలైన గొంతు చివరికి పదహారేళ్ళ పిల్లదై పరిగెడుతుంది. ఎక్కడ మెట్టు ఎక్కిందో పట్టుకుందామని ఆమె ఎన్నిసార్లో విన్నది. పట్టుబడలేదు.

ఆదివారం ఆమె పావుగంట ముందే వెళ్ళింది. అయినా వరండాలో మూడో కుర్చీ వేసి ఉంది. ఆమె పేము కుర్చీలో గుడ్డసంచి ఉంది.

“అయ్యో, రండమ్మా,” అంటూ రాజకుమారి సంచి తీసేసింది. పాత జాకెట్టే వేసుకుంది.

“ఉమామహేశ్వరి గారూ, ఈ అమ్మాయి తెచ్చినది వినండి ముందు,” అన్నారు జగన్నాథరావు. మఫ్లరు లోంచి గొంతు బొంగురుగా వచ్చింది. ఇల్లంతా సర్ది ఉంది. గోడలకి మేకులు మాత్రం మిగిలాయి. ట్రంకు గుమ్మం పక్కన, తాళం వేయకుండా.

ఎవరో పాతకాలపు పెద్దాయన కాంభోజి. పాట అయ్యాక జగన్నాథరావు రాజకుమారి వైపు తిరిగి అడిగారు. “ఏమంటావమ్మా?”

ముందు తనను అడగలేదు. ఉమామహేశ్వరి కొంగు చివర మెలిపెట్టింది. రాజకుమారి చెప్పింది. ఆ పెద్దాయన నిషాద స్వరాన్ని ఎంత తక్కువగా ముట్టుకున్నారో, ఎందుకు దాచుకున్నారో చెప్పింది. ఎక్కువ మాట్లాడలేదు. జగన్నాథరావు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు. “చూశారా, కాంభోజిలో ఈ సంగతి మనకు ఇన్నాళ్ళూ తోచలేదు!” అన్నారు.

మనకు తోచలేదు. ఉమామహేశ్వరి బిస్కెట్ల డబ్బా మూత తీసింది.

“ఇది పెట్టండి రావుగారూ.”

ఆయన పంచె ముక్క చూసి అది ఏదో పోల్చుకున్నారు. రెండు చేతులా అందుకున్నారు. టేపు మిషను తల మీద దూది, స్పిరిటుతో తుడిచి, ఊది, కేసెట్టు వేశారు.

రాజకుమారి శృతిపెట్టె చెవి దగ్గర పెట్టుకుని, గొంతు మొదలవగానే నాబ్ తిప్పి కలుపుకుంది. తల ఆడించింది. ఉమామహేశ్వరి టేపు వినడం లేదు, అది ఆమెకు లోపలే నడుస్తుంది. ఆ పిల్లనే చూస్తోంది. నాలుగో నిమిషంలో వయొలిన్ తీగ తెగి ‘టప్’మన్న చోట రాజకుమారి తలెత్తింది. మిషను వంక చూసింది, తరవాత కేసెట్టు అట్ట వంక. ఇంకొంతసేపటికి నాబ్ కొంచెం తిప్పింది. మళ్ళీ కొంచెం. ఆమె నుదురు ముడిపడింది. సగం దాటాక పెట్టెను చప్పుడు కాకుండా ఆపి, ఒళ్ళోకి దించి, దాని మీద చెయ్యి కప్పుకుంది.

టేపు అయిపోయి మీట దానంతట అదే పైకి లేచింది. జగన్నాథరావు మఫ్లరు అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

“ఎక్కడికి తీసుకెళ్ళిపోయిందండీ! ఇన్నాళ్ళు ఇది ఇంట్లో పెట్టుకుని, నా దగ్గరున్నవన్నీ గొప్పవని ఊరుకున్నారా?” ఆయన ఊపిరి కూడదీసుకున్నారు. “వినే మనిషి మీరండీ. ఆ ట్రంకు మీది. రేప్పొద్దున సోని చేత పంపిస్తాను.” అని రాజకుమారి వైపు చూశారు, ఏదో మొహమాటంగా. “ఏమంటావమ్మా?”

“అమ్మగారిదేనండి,” అంది రాజకుమారి వెంటనే. “చాలా బావుంది.”

చాలా బావుంది. పెద్దాయన నిషాదానికి అన్ని మాటలు చెప్పిన పిల్ల, దీనికి రెండే ముక్కలు చెప్పింది. ఉమామహేశ్వరి గెలిచింది. గెలిచినట్టు మాత్రం కడుపులో లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరిదీ ఒకే దారి. రోడ్డుకి అటూ ఇటూ వలిసె చేలు పసుప్పచ్చగా విరబూసి ఉన్నాయి. ఉమామహేశ్వరి డబ్బా పొట్టకు హత్తుకుని ముందు నడుస్తోంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర ఖనిజం బండి అడ్డం వచ్చింది. ఆగారు. ఎర్రదుమ్ము పట్టిన పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. అవి పోయేదాకా ఆగి అడిగింది.

“శృతిపెట్టె ఎందుకు కట్టేసేవు?”

“ఊరికేనమ్మా.”

“ఊరికే కట్టెయ్యరు. రెండుసార్లు తిప్పేవు. నేను చూసేను.”

రాజకుమారి సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. “అమ్మా, అది రికార్డు చేసిన రోజు మిషను కరెంటు మీద నడిచిందా, బ్యాటరీల మీదా?”

“బ్యాటరీల మీద. గాలివానకి కరెంటు పోయింది.”

“కొత్తవా?”

“టార్చిలైటులోవి తీసి వేసేను. ఏటి నీ గొడవ?”

“అవి అయిపోతూ ఉండుంటాయి. అయిపోతుంటే రికార్డయ్యే టేపు నెమ్మదైపోతుందమ్మా. దాన్ని మామూలు మిషనులో వేస్తే ఆ నెమ్మదైనదంతా పరిగెడుతుంది. పరిగెడితే గొంతు పైకి పోతుంది. అయిదు శృతిలో మొదలైంది. చివరికి ఆరు దాటింది.” ఆమె గొంతు తగ్గించింది. “ఆవిడ వెళ్ళలేదు.”

“నువ్వక్కడ కూర్చున్నావేటి? ఆవిడ వెళ్ళిందో లేదో నీకేటి తెలుసు?”

“మా గురువుగారు అదే కచేరీ రికార్డు చేశారమ్మా. నా దగ్గర ఉంది. తీగ తెగిన చప్పుడు కూడా అక్కడే ఉంది.”

గేటు లేచింది. మనుషులు, సైకిళ్ళు, పిప్పళ్ళ బస్తాలు వేసుకున్న జీపు దాటిపోయాయి. ఉమామహేశ్వరి కదల్లేదు. పాట రికార్డు చేసిన ఆ సాయంత్రం టార్చిలైటు ఆమె మొగుడి తలగడ పక్కన ఉంది. రైలు లైను మీద రాత్రి డ్యూటీకి వాడే లైటు. జ్వరంతో పడుకున్న మనిషి తనే మూత విప్పి బ్యాటరీలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “బేగి ఎయ్యి, పాట అయిపోతాది,” అన్నాడు. మర్నాడు పాసింజరులో విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళాడు. ఆమె పెట్టె సర్ది ఇచ్చింది. అతను తిరిగి రాలేదు.

“అయితే ఎనిమిదేళ్ళు నాను ఇన్నది పాట కాదు,” అందామె. “బ్యాటరీలు సచ్చిపోడం.”

“అలా అనకండమ్మా.”

“అక్కడే ఎందుకు సెప్పలేదు? ఆయన ముందర సెప్పొచ్చు కదా?”

“ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. రేపు వెళ్ళిపోయే మనిషికి ఎలా చెప్పను?”

“సెప్పుంటే ట్రంకు నీకొచ్చేది.”

“నాకే ఇస్తానన్నారమ్మా. బుధవారం. అందుకే ముందు ఏడు ఇచ్చారు.”

ఉమామహేశ్వరి ఆమె మొహంలోకి చూసింది. అబద్ధం కనిపిస్తే బావుండుననుకుంది. కనిపించలేదు.

“మరి నోరు మూసుకుని ఊరుకున్నావా?”

“మీది తప్పని తేల్చి ట్రంకు తెచ్చుకుంటే, ఇంటికెళ్ళి వినబుద్ధి కాదు కదమ్మా.”

కృతజ్ఞత రావలసిన చోట ఉమామహేశ్వరికి మునుపటికంటే ఎక్కువ అక్కసు వచ్చింది. చెవి ఉంది సరే. చదువు ఉంది సరే. ఇది కూడా ఈ పిల్ల దగ్గరే ఉండాలా? గేటు దాటి, తన ఇంటి సందులోకి తిరిగింది.

సోమవారం పొద్దున్నే సోని, ఆమె మొగుడు కావడిబద్దకి తాళ్ళు కట్టి ట్రంకు మోసుకొచ్చారు. “రాళ్ళున్నాయేటమ్మా ఇందల?” అంది సోని నడుం పట్టుకుని. ఇటుకల మీద పలక సరిగ్గా సరిపోయింది. ఉమామహేశ్వరి మూత ఎత్తలేదు. బుట్ట అడుగునుంచి ఆకుపచ్చ గుడ్డ తీసి ఎడమ చెయ్యి కుట్టింది. హుక్సు కుట్టింది. ఇస్త్రీపెట్టెలో నిప్పులు పోసి మడతలు తీసింది. మధ్యాహ్నానికి స్టేషనుకి వెళ్ళింది, డబ్బా పట్టుకుని.

జగన్నాథరావు బల్ల మీద కూర్చుని ఉన్నారు. రెండు సంచులు, ఒక చాపచుట్ట. రాజకుమారికి స్కూలు. పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్ళిందన్నారు.

“మిమ్మల్ని ఒకటి అడగనా?” అన్నారాయన. “రాత్రంతా నాకు ఆ చివరే వినిపిస్తోంది. అలా తెలియకుండా పైకి పోవడం... నా జన్మలో ఇంకెక్కడా వినలేదు. దాన్ని పార్వతీపురంలో ఎవరి చేతనైనా కాపీ చేయించుకుని మీకు పంపేస్తాను.”

ఉమామహేశ్వరి నోరు తెరిచింది. చెప్పాలి. ట్రంకు ఇటుకల మీద ఉంది, చెప్పకపోతే దొంగసొమ్మే. ‘అది ఆవిడ పాడలేదండీ, బ్యాటరీలు’ అంటే చాలు. రెండే మాటలు. ఆయన ఊపిరి ఈలలా మోగుతోంది. మఫ్లరు పైన కళ్ళు మాత్రం కుర్రవాడివిలా ఉన్నాయి.

నిన్న ఆ వరండాలో రాజకుమారి కూడా ఇలాగే ఆయన్ని చూసి ఉంటుంది.

“కాపీ ఎందుకండీ,” అందామె. “ఇదే ఉంచుకోండి.”

“అదేమిటి? మీకు?”

“నాకు నోటికొచ్చు.”

పాసింజరు వచ్చింది. సంచులు అందించింది. ఆయన కిటికీలోంచి డబ్బా ఎత్తి చూపించారు. బండి సొరంగం వైపు వంపు తిరిగేదాకా ఆమె ప్లాట్‌ఫారం మీద నిలబడింది. ఇక్కడినుంచి మనుషుల్ని పంపడం ఆమెకు అలవాటే. చెయ్యి మాత్రం ఎప్పుడు దించాలో ఈసారీ తెలియలేదు.

సాయంత్రం రాజకుమారి స్కూలునుంచి నేరుగా వచ్చింది. ఉమామహేశ్వరి జాకెట్టు ఆమె ఒళ్ళో పెట్టింది.

“నా కేసెట్టు రావుగారికిచ్చేసేను. మీ గురువుగారిది తెచ్చేవా?”

“మీరు అడుగుతారో లేదోనని సంచిలోనే పెట్టుకున్నానమ్మా.”

“పెట్టు.”

“ట్రంకు టేపు మిషనుకి ఇంత దగ్గరగా ఉంటే, స్పీకరు అయస్కాంతానికి కేసెట్లు...”

“తరవాత చూద్దాం. ముందు పెట్టు.”

అదే గొంతు. అంతే నిదానంగా మొదలైంది. తీగ తెగింది. ఉమామహేశ్వరి మంచం అంచు పట్టుకుని కూర్చుంది, ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని. లేవలేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. తన టేపులో పరిగెత్తిన చోట ఈవిడ ఆగింది. అక్కడే నిలబడి, అదే స్వరాన్ని ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి చూసింది. ఎక్కడికీ పోలేదు. ఎక్కడికైనా పోవడం తేలికని, పోకుండా అరగంట ఉన్నచోట ఉండడానికి ఎంత ఊపిరి కావాలో ఆమెకు అప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్ళు ఈవిడను వదిలేసి ఇంకెవరినో విన్నట్టు సిగ్గేసింది. డబ్బాలో పార్వతీపురం పోతున్న ఆ ఇంకో గొంతు గుర్తొచ్చి కళ్ళు కూడా మండాయి.

టేపు ఆగింది.

“నీదే బావుంది,” అంది ఉమామహేశ్వరి గోడ వైపు చూస్తూ.

రాజకుమారి కేసెట్టు తీసి అట్టలో పెట్టి, ఆమె పక్కన మంచం మీద పెట్టింది. “మీ దగ్గరే ఉంచుకోండమ్మా. మీది సార్‌కి ఇచ్చేశారు కదా.”

ఉమామహేశ్వరి దాన్ని చేతిలోకి తీసుకుంది. అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలు, గాయని పేరుతో సహా. పేరు చదివింది. ఇన్నేళ్ళకి. బొటనవేలితో ఒకసారి దాన్ని తుడిచి, లేచి, రాజకుమారి గుడ్డసంచి మూతి తెరిచి అందులో పడేసింది.

“నాకొద్దు,” అంది. “తీసుకుపో. ఆదివారం పట్టుకురా.”